ఆడని ఆఖరి మ్యాచ్: 1914-15 ఇటలీ టైటిల్ ఎవరిది?

1915 మే 23, ఆదివారం. ఇటలీ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఉత్తరాది ఫైనల్ గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లు ఆ రోజు జరగాలి. ఒక మ్యాచ్ జెనోవా, టొరీనో మధ్య. రెండోది మిలాన్, ఇంటర్ మధ్య. సరిగ్గా ఆ రోజే ఇటలీ ప్రభుత్వం ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధం ప్రకటించింది. అంతకు ముందు రోజే సైనిక సమీకరణకు ఉత్తర్వులు వెలువడ్డాయి. ఫుట్‌బాల్ ఫెడరేషన్ పోటీలన్నీ ఆపేసింది. ఆ రెండు మ్యాచ్‌లూ తర్వాత ఎన్నడూ జరగలేదు. యుద్ధం ముగిశాక ఆ ఏటి టైటిల్‌ను ఫెడరేషన్ జెనోవా ఖాతాలో వేసింది. నూరేళ్లు దాటినా ఆ నిర్ణయం మీద వాదోపవాదాలు ఆగలేదు.

2015లో, సరిగ్గా వందేళ్లకు, రోమ్ నగరపు లాజియో క్లబ్ అభిమానులు సంతకాలు సేకరించి ఫెడరేషన్ తలుపు తట్టారు. ఆ టైటిల్‌ను జెనోవాకూ తమ క్లబ్బుకూ కలిపి ఇవ్వాలని వాళ్ల డిమాండ్. జెనోవా వాళ్లు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోరో అర్థం కావాలంటే ఒక లెక్క తెలియాలి. ఇటలీలో పది టైటిళ్లు గెలిచిన క్లబ్ చొక్కా మీద నక్షత్రం పెట్టుకుంటుంది. 1958లో యువెంటస్ మొదలుపెట్టిన ఆనవాయితీ అది. జెనోవాకున్నవి తొమ్మిది. చివరిది 1924లో వచ్చింది. ఆ పదో దాని కోసం నాలుగు తరాల అభిమానులు ఎదురుచూశారు. ఉన్న తొమ్మిదింటిలో ఒకదాని పక్కన ఇంకొకరి పేరు చేర్చడమంటే వాళ్లకు ప్రాణసంకటమే. అటు లాజియోకున్నవి రెండే, 1974లో ఒకటి, 2000లో ఒకటి. మూడోది దక్కితే, అదీ అందరికంటే పాతదైతే, ఆ క్లబ్ చరిత్రే మారిపోతుంది.

ఈ వివాదం మీద ఇటలీలో బోలెడు రాశారు. రాసినవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక క్లబ్ పక్షం వహించినవాళ్లే. ఏ చొక్కా మీదా మమకారం లేని మనలాంటివాళ్లు తీరిగ్గా చూస్తే, ఈ తగువులో గొంతెత్తి అరిచినవాళ్ల కంటే ఊరకున్నవాళ్లకే ఎక్కువ అన్యాయం జరిగిందనిపిస్తుంది. అది ఎలాగో చెప్పడానికే ఈ సమీక్ష.

ముందు జెనోవా సంగతి. 1893 సెప్టెంబరు 7న ఆ రేవు పట్టణంలోని ఆంగ్లేయులు తమ కాన్సులేట్‌లో సమావేశమై పెట్టుకున్న క్లబ్ ఇది. మొదట్లో క్రికెట్, అథ్లెటిక్స్ కోసం పుట్టింది. ఇటాలియన్లకు ప్రవేశం లేదు. జేమ్స్ రిచర్డ్‌సన్ స్పెన్స్‌లీ అనే ఇంగ్లిష్ డాక్టరు వచ్చాక ఫుట్‌బాల్ ఊపందుకుంది, 1897లో ఇటాలియన్లకు తలుపులు తెరిచారు. మరుసటి ఏడు మే 8న ట్యూరిన్‌లో నాలుగు జట్లతో, ఒక్క రోజులో ముగిసిన మొట్టమొదటి ఛాంపియన్‌షిప్‌ను ఈ క్లబ్బే గెలిచింది. 1904 నాటికి మొత్తం ఆరు టైటిళ్లు చేతికొచ్చాయి. ఆ తర్వాత పదేళ్లపాటు ఒక్కటీ లేదు. యువెంటస్, మిలాన్, ఇంటర్, అందరినీ మించి చిన్న ఊరి జట్టు ప్రో వెర్చెల్లి ఆటను ఏలాయి.

ఆ కరువు తీర్చడానికి జెనోవా పెద్దలు 1912లో విలియం గార్బట్‌ను కోచ్‌గా తెచ్చుకున్నారు. వయసు ఇంకా ముప్పై నిండలేదు. ఆర్సెనల్, బ్లాక్‌బర్న్ రోవర్స్ జట్లకు ఆడి, గాయం వల్ల బూట్లు విప్పేసిన మనిషి. ఆయన రాకతో ఇటలీలో శిక్షణ ఒక పద్ధతిలో పడింది. కర్రలు పాతి వాటి మధ్య బంతిని నడిపించడం, ఎత్తున వేలాడదీసిన బంతిని ఎగిరి తలతో కొట్టించడం, సాధన అయ్యాక వేడినీళ్ల స్నానం ఆయన తెచ్చిన మార్పులేనని చెబుతారు. గార్బట్‌తో పాటే డబ్బూ మైదానంలోకి దిగింది. నిబంధనల ప్రకారం అప్పటి ఆటగాళ్లంతా ఔత్సాహికులే, పైసా తీసుకోకూడదు. అయినా 1913లో మిలాన్ నుంచి రెంజో డె వెక్కిని జెనోవా లాక్కొచ్చింది. పదహారేళ్లకే ఇటలీ జాతీయ జట్టుకు ఆడిన కుర్రాడు అతను. అతని కోసం 24 వేల లీరాలు చేతులు మారాయని చెప్పుకుంటారు. పేరుకు మాత్రం బ్యాంకులో గుమస్తా ఉద్యోగం.

అదే ఊళ్లోని ప్రత్యర్థి క్లబ్ ఆండ్రియా డోరియా నుంచి ఎన్రికో సార్డి, అరిస్టోడెమో సాంటామరియా వచ్చిన కథ అప్పటి వాతావరణాన్ని కళ్లకు కడుతుంది. జెనోవా ఇచ్చిన చెక్కులు పట్టుకుని ఇద్దరూ డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్లారట. కౌంటరు వెనకున్న గుమస్తా ఆండ్రియా డోరియా వీరాభిమాని. చెక్కు మీది పేరు చూశాడు, ఎదురుగా నిలబడ్డ మొహాలు చూశాడు, సంగతి గ్రహించి తన క్లబ్బుకు చేరవేశాడు. విషయం ఫెడరేషన్ దాకా వెళ్లి ఇద్దరి మీదా నిషేధం పడింది, తర్వాత సడలింది. 1914-15లో జెనోవా ముందు నిలవడం వెనుక ఈ డబ్బు, ఈ శిక్షణ, ఈ ఆటగాళ్లు ఉన్నారు. టైటిల్ యుద్ధం వల్ల ఊరికే వచ్చి పడిందన్న మాట ఆ జట్టుకు అన్యాయం చేస్తుంది. ఆ సీజన్‌లోనే అక్వీ జట్టు మీద జెనోవా 16-0తో గెలిచింది. క్లబ్ చరిత్రలో అంతకు మించిన విజయం లేదు. విచిత్రమేమంటే ఇంటర్‌కు కూడా తన అతిపెద్ద విజయం ఆ ఏడే, సరిగ్గా 16-0తోనే, విచెంజా మీద వచ్చింది. జట్ల మధ్య బలాబలాల్లో ఎంత తేడా ఉండేదో ఈ రెండు స్కోర్లు చాలు చెప్పడానికి.

పోటీ ఏర్పాటు కూడా అంత తేడాతోనే ఉండేది. ఉత్తరాదిలో ఆరు గ్రూపులు, అందులో పైకొచ్చినవాళ్లకు నాలుగు సెమీఫైనల్ గ్రూపులు, వాటి విజేతలు నలుగురికీ ఒక ఫైనల్ గ్రూపు. మధ్య ఇటలీకి వేరే పోటీ. దక్షిణానికి మరొకటి, అందులో ఉన్నవి నేపుల్స్‌కు చెందిన రెండే క్లబ్బులు. మధ్య విభాగం విజేత, దక్షిణ విభాగం విజేత ఆడుకోవాలి. అందులో గెలిచినవాళ్లు ఉత్తరాది విజేతతో జాతీయ ఫైనల్ ఆడాలి. 1914 ఆగస్టులో యూరప్ అంతా యుద్ధంలో దిగినా ఇటలీ తటస్థంగా ఉండిపోయింది. అందుకే అక్టోబరులో సీజన్ మామూలుగానే మొదలైంది. ఊళ్లలో మాత్రం యుద్ధంలో చేరాలా వద్దా అన్న వాదన నెలనెలకూ ముదిరింది. ఏప్రిల్ 26న ఇటలీ యుద్ధంలో చేరేందుకు లండన్‌లో రహస్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మైదానాల్లో ఉన్న కుర్రాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు ఆ ఫైనల్ గ్రూపు పట్టిక చూద్దాం. ఈ వ్యవహారమంతా దాని మీదే ఆధారపడి ఉంది. నాలుగు జట్లు, ఒక్కొక్కరితో రెండేసి సార్లు, ఒక్కో జట్టుకు ఆరు మ్యాచ్‌లు. గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి. ఐదేసి మ్యాచ్‌లు అయ్యేసరికి జెనోవాకు 7, టొరీనోకు 5, ఇంటర్‌కు 5, మిలాన్‌కు 3. ఆఖరి ఆదివారం టొరీనోతో డ్రా చేసుకున్నా చాలు, జెనోవా ఉత్తరాది విజేత. టొరీనో గెలిస్తే ఇద్దరూ 7 దగ్గర ఆగుతారు. అదే రోజు మిలాన్ మీద ఇంటర్ కూడా గెలిస్తే ముగ్గురూ 7 మీదే ఉంటారు. అప్పుడు ఆనవాయితీ ప్రకారం మళ్లీ ఆడించి తేల్చాలి.

ఈ లెక్కలో రెండు సత్యాలున్నాయి. మొదటిది, ఆ పట్టికలో జెనోవాను దాటి పోగలిగినవాళ్లు ఎవరూ లేరు. మహా అయితే సమం కాగలరు. జెనోవా పక్షానికి ఇంతకు మించిన వాదన అక్కర్లేదు. రెండోది, సమం కావడం గాలిలో మేడ కాదు. అంతకు ముందు జరిగిన మ్యాచ్‌లో ఇదే టొరీనో ఇదే జెనోవాను 6-1తో చిత్తు చేసింది. ఆరు గోల్స్ తిన్న జట్టు అదే ప్రత్యర్థితో ఆఖరి మ్యాచ్ ఆడాల్సి ఉంది. ఫలితం ఖాయమని ఎవరనగలరు?

టొరీనోను అప్పుడు నడిపిస్తున్నది విట్టోరియో పోజ్జో. తర్వాతి కాలంలో ఇటలీకి 1934, 1938 ప్రపంచ కప్పులు, 1936 ఒలింపిక్ స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్ ఆయనే. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు ఆయన జట్టు బ్రెజిల్ పర్యటనలో ఉంది. తిరిగొచ్చి ఆ సీజన్‌ను ఆఖరి మ్యాచ్ దాకా లాక్కొచ్చాక ఆయన కూడా కొండ దళాల అధికారిగా యుద్ధానికి వెళ్లిపోయాడు. టొరీనోకు అప్పటికి ఒక్క టైటిల్ కూడా లేదు. పట్టికలో ఇంటర్ కూడా అక్కడే ఉంది కానీ, ఇంటర్‌కు ఇంకొకరి సాయం కావాలి. టొరీనో తన పని తానే చేసుకోగలిగే స్థితిలో ఉంది. నా దృష్టిలో 1915 మే 23న నిజంగా నష్టపోయిన క్లబ్ టొరీనోయే. ఈ వందేళ్లలో అందరికంటే తక్కువ మాట్లాడిందీ ఆ క్లబ్బే. లాజియో, జెనోవా వాదులాటలో టొరీనో పేరు పాదసూచికలోకి వెళ్లిపోయింది.

ఇక లాజియో వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసినవాళ్లు పొరబడ్డారు. నిబంధనల ప్రకారం ఛాంపియన్ అంటే ఉత్తరాది విజేత కాదు, జాతీయ ఫైనల్ విజేత. ఆ ఫైనల్ జరగనే లేదు. మధ్య ఇటలీ ఫైనల్ గ్రూపులో పీసా, లుక్కా, రోమన్ జట్లను దాటి లాజియో ముందు నిలిచింది. దక్షిణంలో నేపుల్స్ క్లబ్బులు రెండూ ఆడిన ఫైనల్‌ను ఆటగాళ్ల నమోదులో అక్రమాలున్నాయని రద్దు చేశారు; మళ్లీ ఆడించేలోపు యుద్ధం వచ్చింది. అంటే దక్షిణ విజేత లేరు. కాబట్టి ఫైనల్‌కు అటువైపు మిగిలింది తామేనని లాజియో అంటుంది. ఇటువైపు ఉత్తరాదిలో గ్రూపే పూర్తి కాలేదు. తన విభాగం పని ముగించిన జట్టుకు సున్నా, ముగించని జట్టుకు టైటిల్, ఇదేం న్యాయం అని అడుగుతుంది. పైగా జెనోవాకు టైటిల్ ఇస్తూ ఫెడరేషన్ చేసిన తీర్మానం పత్రం చూపించమంటుంది. అడగాల్సిన ప్రశ్నే ఇది.

దీనికి జెనోవా వైపు నుంచి వచ్చే జవాబు పాత స్కోర్లు. 1913 జాతీయ ఫైనల్‌లో ప్రో వెర్చెల్లి లాజియోను 6-0తో ఓడించింది. 1914లో కసాలే 7-1తో, తర్వాత రోమ్‌లో 2-0తో ఓడించింది. ఆ రోజుల్లో ఉత్తరాది ఫైనలే అసలు ఫైనల్, తర్వాతది లాంఛనం అని అందరికీ తెలుసంటారు. ఆ తరం అలా అనుకున్న మాట నిజమే. 1923లో జెనోవా, లాజియో నిజంగానే ఫైనల్‌లో కలిసినప్పుడు జెనోవా 4-1, 2-0తో గెలిచిన మాటా నిజమే. అయినా ఈ జవాబు నాకు మింగుడు పడదు. నిన్న ఓడినవాడు రేపూ ఓడతాడు కాబట్టి ఆడించనక్కర్లేదంటే పోటీ పెట్టడమెందుకు? మిలాన్, ట్యూరిన్, జెనోవా నగరాల్లో ఫ్యాక్టరీలు, రైళ్లు, రేవులు, విదేశీ వ్యాపారులు ఉన్నారు. ఆట అక్కడ ముందు పుట్టి ముందు పెరిగింది. రోమ్, నేపుల్స్ ఆలస్యంగా మొదలుపెట్టాయి. వెనకబడ్డ ప్రాంతాన్ని ఆ వెనకబాటు చూపించే లెక్కలోంచి తీసేయడం ఏ రంగంలో జరిగినా తప్పే.

అంతమాత్రాన సగం టైటిల్ లాజియోకు రావాలా? ఇక్కడ నేను వాళ్లతో ఏకీభవించలేను. లాజియో గెలిచింది మధ్య విభాగాన్ని మాత్రమే. దక్షిణ ప్రత్యర్థి తేలకపోవడం వల్ల ఫైనల్‌కు చేరినట్టేనని ఇప్పుడు ఊహించుకోవడం, ఉత్తరాది ఫైనలే అసలు ఫైనల్ అనుకోవడం లాంటి ఊహే. నేపుల్స్ క్లబ్బులకు మళ్లీ ఆడే హక్కు ఉంది, ఆ హక్కునూ యుద్ధమే మింగింది. తనకు జరిగినది అన్యాయమని చెబుతూ అదే అన్యాయాన్ని తనకంటే దక్షిణాన ఉన్నవాళ్లకు చేయమని అడగకూడదు. లాజియోను ఫైనలిస్టుగా ఒప్పుకున్నా, ఆడని ఫైనల్‌లో ఇద్దరూ గెలిచారని రాయడానికి ఆధారం ఏముంది? మ్యాచ్ జరగనప్పుడు ఇద్దరినీ విజేతలనడం, ఒక్కరినే అనడం కంటే నిజానికి ఏమాత్రం దగ్గర కాదు.

ఆగిపోయిన పోటీలను ఎలా ముగించాలన్న విషయంలో ఇటలీ ఫెడరేషన్‌కు ఎప్పుడూ ఒక సూత్రమంటూ లేదు. 1910లో ఇంటర్, ప్రో వెర్చెల్లి సమానంగా నిలిచాయి. తేల్చే మ్యాచ్ రోజున తమ ఆటగాళ్లు సైనిక పోటీల్లో ఉంటారని, తేదీ మార్చమని ప్రో వెర్చెల్లి బతిమాలింది. ఫెడరేషన్ వినలేదు. నిరసనగా ప్రో వెర్చెల్లి పిల్లల జట్టును దింపింది, ఇంటర్ 10-3తో గెలిచింది, తన మొదటి టైటిల్ రాసుకుంది. 1922లో క్లబ్బులు చీలిపోయి రెండు ఛాంపియన్‌షిప్‌లు నడిస్తే ప్రో వెర్చెల్లి, నోవేజే ఇద్దరినీ ఛాంపియన్లుగా గుర్తించారు. 1927లో లంచం ఆరోపణ మీద టొరీనో టైటిల్ తీసేసి ఆ గడి ఖాళీగా వదిలారు. యువెంటస్ నుంచి తీసేసిన టైటిళ్లలో 2005ది ఖాళీగా ఉంచి, 2006ది ఇంటర్‌కు ఇచ్చారు. పక్క దేశాల్లోనూ అంతే. 2020లో కరోనా వల్ల సీజన్ ఆగితే ఫ్రాన్స్ ముందున్న పారిస్ జట్టును ఛాంపియన్ అంది; నెదర్లాండ్స్‌లో అయాక్స్, ఏజెడ్ సమాన పాయింట్లతో ఉంటే ఎవరికీ ఇవ్వలేదు. రెండిట్లోనూ నిర్ణయం వెంటనే వచ్చింది, కారణం అందరికీ చెప్పారు. 1915 విషయంలో లోపించింది అదే.

ఇలాంటి ఉదాహరణల్లో మన ప్రశ్నకు దారి చూపేది నా ఉద్దేశంలో 1944 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, దేశం రెండుగా చీలి ఉండగా, ఉత్తరాదిలో మాత్రమే ఒక పోటీ జరిగింది. స్పెజియా పట్టణపు అగ్నిమాపక దళం జట్టు, ఆ రోజుల్లో మేటి జట్టుగా పేరున్న టొరీనోను 2-1తో ఓడించి గెలిచింది. ఫెడరేషన్ దాన్ని టైటిల్‌గా లెక్కలోకి తీసుకోలేదు. 58 ఏళ్ల తర్వాత, 2002లో, పూర్తి టైటిల్‌తో సమానం కాకపోయినా ఒక గౌరవ చిహ్నంగా గుర్తించింది. స్పెజియా చొక్కా మీద ఆ గుర్తు ఇప్పుడు ఉంటుంది. జరిగినదాన్ని జరిగినంతవరకు ఒప్పుకోవడం, జరగనిదాన్ని కలపకపోవడం ఆ నిర్ణయంలో ఉన్న నిజాయితీ.

పాయింట్ల లెక్కల మధ్య ఆ సీజన్ మనుషులను మరిచిపోకూడదు. ఇంటర్‌కూ ఇటలీ జట్టుకూ కెప్టెన్ అయిన విర్జీలియో ఫోస్సాతి 1916లో యుద్ధంలో చనిపోయాడు. జెనోవాలో ఆటకు ప్రాణం పోసిన డాక్టర్ స్పెన్స్‌లీ బ్రిటిష్ సైన్యపు వైద్య విభాగంలో చేరి, గాయపడి, జర్మన్లకు చిక్కి, 1915 నవంబరులో మైన్జ్‌లో కన్నుమూశాడు. జెనోవా పాత కెప్టెన్ లుయీజీ ఫెర్రారిస్, ఇంజనీరు, ఆస్ట్రియా సరిహద్దులోని మోంటే మజ్జో కొండ మీద ఫిరంగి గుండు పేలి మరణించాడు. తేదీ 1915 ఆగస్టు 23. మ్యాచ్ రద్దయి సరిగ్గా మూడు నెలలు. జెనోవా ఆడే మరాస్సి మైదానానికి 1933లో ఆయన పేరు పెట్టారు. ఆయనకు మరణానంతరం వచ్చిన వెండి పతకాన్ని అక్కడి గోల్ స్తంభాల వెనుక నేలలో పాతిపెట్టారని చెబుతారు. గార్బట్ కూడా బ్రిటిష్ సైన్యానికి వెళ్లాడు, బతికి తిరిగొచ్చి 1923, 1924 టైటిళ్లు గెలిపించాడు. సార్డి, డె వెక్కి అప్పుడూ ఆ జట్టులో ఉన్నారు. ఇలా తిరిగొచ్చి ఆడగలిగినవాళ్లు అదృష్టవంతులు.

లాజియో అర్జీని పరిశీలించిన కమిటీ ఒకటి 2016లో ఆ క్లబ్ వైపు మొగ్గినట్టు వార్తలొచ్చాయి. ఫెడరేషన్ మాత్రం ముద్ర వేయలేదు. జెనోవా వైపు చరిత్రకారులు పాత పత్రికలు తవ్వి ఎదురు దస్త్రం సమర్పించారు. ఈ తవ్వకాల వల్ల ఒక మేలు జరిగింది: ఎన్నో పాత మ్యాచ్‌ల వివరాలు మళ్లీ వెలుగులోకి వచ్చాయి.

నా తీర్పు ఇది. పట్టికలో తనను దాటే అవకాశం ఎవరికీ లేదు కాబట్టి 1914-15 వరుసలో జెనోవా పేరు ఉండాలి, ఒక్కటే ఉండాలి. దాని కింద పోటీ యుద్ధం వల్ల పూర్తి కాలేదని, ఉత్తరాది గ్రూపులో టొరీనో, ఇంటర్‌లకు ఇంకా అవకాశం ఉందని, జాతీయ ఫైనల్ జరగలేదని ఫెడరేషన్ తన అధికారిక జాబితాలోనే స్పష్టంగా రాయాలి. లాజియోకు స్పెజియాకు ఇచ్చినట్టు మధ్య ఇటలీ విజేతగా గౌరవ గుర్తింపు ఇవ్వాలి. నేపుల్స్ క్లబ్బుల రద్దయిన ఫైనల్‌నూ ఆ వరుసలోనే నమోదు చేయాలి. యుద్ధం తర్వాత టైటిల్ ఏ సమావేశంలో, ఏ కారణంతో ఇచ్చారో చూపే కాగితాలు తన దగ్గర ఉంటే ఫెడరేషన్ వాటిని బయటపెట్టాలి, లేకపోతే లేవని చెప్పాలి.